నాది కావాల్సిన గది

ఆ గది నాది కావాల్సింది. వేరేవాళ్ళకు ఇచ్చేశారు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకూ తేలిక, నాకూ తేలిక. ఎంత కుళ్ళుకున్నానో దాచిపెట్టి ఈ సంగతి చెప్పడం నా వల్ల కాదు.

దోహాలో నేను పనిచేసే గ్యాలరీలో ఒక పెద్ద హాలు, దాని పక్కన ఒక చిన్న గది ఉన్నాయి. హాల్లోకి పేరున్నవాళ్ళ బొమ్మలు వస్తాయి. చిన్న గదిలో మాత్రం చాలాసార్లు మడత కుర్చీలు పేర్చి ఉంటాయి. ఏ పెట్టె ఎప్పుడు దిగుతుంది, ఏ గోడకు ఏం వేలాడాలి, ఎవరికి వీసా కావాలి, ఇవన్నీ చూసేది నేను. ఆ చిన్న గదిలో మా అమ్మ లేసు పెట్టాలని మా డైరెక్టరు మేడం చుట్టూ చాలాకాలంగా తిరుగుతున్నాను. ఆవిడ లెబనాన్ మనిషి. కాదనదు, అలాగని ఔననీ అనదు. "ఇన్షా అల్లా, చలికాలం చూద్దాం" అంటుంది. చలికాలాలు వస్తున్నాయి, పోతున్నాయి, కుర్చీలు మాత్రం అక్కడే ఉన్నాయి.

మాది నరసాపురం దగ్గర. మా వైపు ఆడవాళ్ళు లేసు అల్లుతారు. ఒక ఇంట్లో పువ్వులు అల్లితే, ఆ పువ్వులన్నీ ఇంకో ఇంటికి వెళ్తాయి. అక్కడ వేరే ఆవిడ వాటిని కలిపి దుప్పటి చేస్తుంది. దాన్ని అతుకు పని అంటారు. మా అమ్మది అతుకు పని. అతుకు బాగా కుదిరితే కనపడదు. అంటే మా అమ్మ ఎంత బాగా చేస్తే ఆవిడ చేసింది అంతగా కనపడకుండా పోయేదన్నమాట. తయారైన లేసంతా సంచుల్లో కూరి కంపెనీవాళ్ళు పట్టుకుపోయేవారు. అక్కడినుంచి విదేశాలకు. మా వీధిలో ఒక్క ఇంట్లో కూడా టేబులు మీద లేసు గుడ్డ ఉండేది కాదు. అసలు టేబులే ఉండేది కాదు లెండి.

ఒక్క దుప్పటి మాత్రం మా ఇంట్లో మిగిలింది. ఒక మూల అతుకు బిగిసిపోయి గుడ్డ ముడుచుకుందని కంపెనీవాళ్ళు వాపసు పంపిన దుప్పటి. అమ్మ దాన్ని బీరువాలో పెట్టుకుంది. అమ్మ పోయాక నేను తెచ్చుకున్నాను. అల్ మన్సూరాలో మా ఫ్లాటులో, మంచం కింద సూట్‌కేసులో, కలరా ఉండల వాసనలో పడుంటుంది. నేను చూపించాలనుకున్నది దాన్నే.

ఈ సంగతి జరిగిన ఏడు మేడం నన్ను పిలిచి, న్యూజిలాండ్ నుంచి ఒక మావోరి కళాకారిణి పనులు వస్తున్నాయని చెప్పింది. మావోరీలంటే ఆ దేశానికి మొదటి నుంచీ సొంతవాళ్ళు. ఈమె వాళ్ళ పాత నేతను తీసుకుని ఈ కాలపు వస్తువులతో చేస్తుందట. "నీకు దారాల సంగతి తెలుసు కదా, నువ్వే చూసుకో. పనులు ఎక్కువున్నాయి, చిన్న గది కూడా వాళ్ళకే. యల్లా, మొదలుపెట్టు" అంది. నాకు దారాల సంగతి తెలుసు గనుక నా గది వాళ్ళకిచ్చి, దానికి నన్నే కాపలా పెట్టారు. చోద్యం కాకపోతే ఏంటిది?

మా ఆయన అల్ ఖోర్‌లో గ్యాస్ కంపెనీ ఉద్యోగి. వారం చివర ఇంటికొస్తారు. వచ్చీ రాగానే ఇదంతా ఆయన ముందు పెట్టాను.

"పోనీలేవే, వచ్చే ఏడు ఇస్తుందిలే."

"మీరు ఊరుకోండి. వచ్చే ఏడు అంటార్కిటికా నుంచి ఎవరో వస్తారు."

"మొహాలైనా చూడకుండా వాళ్ళ మీద ఇంత కుళ్ళేంటే?"

"చూస్తే ఇంకా పెరుగుతుందండీ" అన్నాను. కోపంలో అన్న మాటే గానీ, అక్షరాలా అదే జరిగింది.

మా వృత్తిలో పెద్ద పనులు వచ్చినప్పుడు వాటి వెంట ఒక మనిషి రావడం మామూలే. పెట్టె తెరిపించి, ఎక్కడా గీత పడలేదని చూసుకుని, సంతకం పెట్టి హోటలుకు పోతాడు. వీళ్ళు పెళ్ళికి తరలివచ్చినట్టు దిగారు. కళాకారిణి, ఆమె పిన్నమ్మలు, ఒక మేనమామ, ఆయన చేతిలో గిటారు. ఎయిర్‌పోర్టులో వ్యాను చాలక ఇంకోటి పిలవాల్సి వచ్చింది. గ్యాలరీకి రాగానే టీ అయినా తాగకుండా పెట్టెల దగ్గరకు వెళ్ళారు. అందరిలోకీ పెద్ద పిన్నమ్మ, తెల్లటి ముడి, గడ్డం మీద పచ్చబొట్టు, ఒక పెట్టె మీద అరచేయి ఆనించి వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడింది. తర్వాత అందరూ కలిసి పాడారు. ఏమంటోందని కళాకారిణిని అడిగాను.

"ప్రయాణంలో చలేసిందా అని అడుగుతోంది" అంది.

మా అమ్మ లేసు లారీలో ఎక్కుతున్నప్పుడు వీధి చివరిదాకానైనా ఎవరూ వెళ్ళలేదు. ఎవరి టేబులు మీదకు పోయిందో, దాని మీద ఎవరు కాఫీ ఒలకబోశారో మాకు తెలీదు. వీళ్ళు పెట్టెను పట్టుకుని చలేసిందా అంటున్నారు.

పెట్టెలు విప్పాక ఇంకో దెబ్బ. పనులు బాగున్నాయి. బాగా లేకపోతే ఎంత హాయిగా ఉండేదో! వాళ్ళ ఊళ్ళో పెరిగే పొడవాటి ఆకుల నుంచి తీసిన నార, దానితో కలిపి నేసిన నారింజ రంగు ప్లాస్టిక్ పేలికలు, మధ్యలో మెరిసే వెండి రంగు పట్టీలు. లైటు పడితే గోడంతా వెలిగింది. మా దగ్గర పనులు వేలాడదీసే బృందానికి పెద్ద ఒక జగిత్యాల వైపు మనిషి, అందరం అన్న అంటాం. కన్‌స్ట్రక్షన్ సైట్లలో చాలా ఏళ్ళు చేసి ఇటొచ్చాడు, ఇప్పటికీ కంపెనీ క్యాంప్‌లోనే ఉంటాడు. ఆయన ఆ నేత దగ్గరకెళ్ళి చూసి, నా వైపు తిరిగి గట్టిగా నవ్వాడు.

"మేడం, గివి మా సైట్ జాకెట్లే గద! మేం ఏసుకునేటియే!"

నిజంగానే అవి రోడ్డు పనివాళ్ళ జాకెట్లు. కళాకారిణి నాన్న, మామలు, అందరూ రోడ్లు వేసినవాళ్ళేనట. చిన్న గదిలో పెట్టాల్సిన పనిలో ఉన్న జాకెట్టు ఆమె ఆఖరి పిన్నమ్మది. రోడ్డు పని జరిగేచోట బోర్డు పట్టుకుని బళ్ళను ఆపే ఉద్యోగం చేసేదట. ఆవిడ చనిపోయాక అక్కచెల్లెళ్ళంతా కూర్చుని ఆ జాకెట్టును చీరి, నారతో కలిపి భుజాల మీద కప్పుకునే శాలువాలా నేశారు. ఇది విన్నప్పటినుంచి అన్న ఆ పనిని వదల్లేదు. అటు వెళ్ళినా ఇటు వెళ్ళినా ఒకసారి దాని వైపు చూసేవాడు. సొంత మనుషులు కూడా వాళ్ళ వైపే అనుకున్నాను.

దారాలు తెగాయేమో చూస్తూ కళాకారిణీ నేనూ ఆ శాలువా పక్కన కూర్చున్న రోజొకటి గుర్తుంది. ఇది ఇంతకుముందు ఎక్కడెక్కడ పెట్టారని అడిగాను. మొదట వాళ్ళ ఊరి సమావేశ మందిరంలోనట. అందరూ వచ్చి చెంప ఆనించి పోయారట. తర్వాత వాళ్ళ దేశంలోనే పెద్ద మ్యూజియంలో పెడితే ముట్టుకోవద్దన్న గార్డును పిన్నమ్మలు చెడామడా తిట్టారట.

"ఇంటి దగ్గర ఇది మా పిన్ని. బయటి దేశంలో ఇది ఆర్ట్. మేం వెంట రాకపోతే ఉత్త ఆర్టుగానే ఉండిపోతుంది. ఒక్కదాన్నే పంపడం మాకు ఇష్టం లేదు" అంది.

నవ్వుతూ తలూపాను. లోపల మాత్రం మండిపోయింది. వీళ్ళకు ఇంట్లోనూ చూసుకునే భాగ్యం ఉంది, బయటా ఉంది. మా అమ్మ పని లోకమంతా తిరిగింది గానీ మా ఊళ్ళో ఒక్క గోడ మీదకు ఎక్కలేదు. మా దగ్గర మిగిలింది వాళ్ళు పనికిరాదన్న దుప్పటి. దానికీ గది లేదు.

వాళ్ళకు కొన్ని నియమాలున్నాయి. ముఖ్యమైనది తిండి. ఆ పనులు ఉన్నచోటికి వండినదేదీ రాకూడదు. బిస్కెట్టు కూడా. అవి పెద్దలతో సమానం, తిండి తగిలితే వాటి పవిత్రత పోతుంది. గది బయట ఒక గిన్నెలో నీళ్ళు ఉంటాయి, వచ్చేటప్పుడు చేతుల మీద చల్లుకుని రావాలి. ఇదంతా నేనే మా బృందానికి తెలుగులోనూ హిందీలోనూ చెప్పాను. "ఇవి వాళ్ళకు పెద్దలు. లోపల తినకండి, తాగకండి" అన్నాను. అందరూ సరేనన్నారు. ఏ గ్యాలరీలోనైనా లోపల తినరు గదా, ఇందులో వింతేముంది?

ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నం పెద్ద పిన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని చిన్న గదికి బయల్దేరింది, లైట్లు ఒకసారి చూద్దామని. తలుపు తీశాను. శాలువా ముందు నేల మీద కాగితం ప్లేటు ఉంది. అందులో అన్నం, పప్పు, కోడికూర ముక్క, పక్కన గ్లాసులో నీళ్ళు. అన్న చేతులు జోడించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు.

పిన్నమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

"అన్నా! ఏంటిది? తిండి వద్దని చెప్పానా లేదా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "మేం తినలే మేడం. పెద్దలకు పెట్టిన. ఇయ్యాల పెత్రమాస, పెద్దల అమాస. మా నాయిన పోయినప్పుడు నేను ఈడనే ఉన్న. ఊళ్ళె పెట్టెటోళ్ళు లేరు. ఈమె కూడా మా లెక్క జాకెట్ ఏసుకున్న మనిషే గద అని, నాయినకూ ఈమెకూ కలిపి పెట్టిన." ఆయన మొహంలో తప్పు చేశానన్న జాడే లేదు. పెద్దలంటే అన్నం పెట్టాల్సినవాళ్ళు. అంతకన్నా గౌరవం ఆయనకు తెలీదు. మేము క్రైస్తవులం, సమాధి మీద పూలు పెడతాం గానీ అన్నం పెట్టం. ఈ లెక్కన ఆలోచించాలని నాకెలా తట్టేది?

పిన్నమ్మ ఆయన ఏమన్నాడో చెప్పమంది. ఉన్నదున్నట్టు చెప్పాను. వింటూ ఆయన్నే చూసింది. అరవలేదు. మిగతావాళ్ళను పిలిపించింది. కళాకారిణి పరుగున వచ్చి ప్లేటు చూసి నా మీద విరుచుకుపడింది.

"వాళ్ళకు చెప్పానన్నావు కదా?"

"చెప్పాను."

"ఏం చెప్పావు? ఎందుకో కూడా చెప్పావా?"

పెద్దలని చెప్పాను. అదే కొంప ముంచింది. కానీ ఆ మాట ఆమెకు ఎలా వివరించాలి?

అన్న ప్లేటు తీసుకుని బయటకు వెళ్ళాడు. వాళ్ళు తలుపు వేసుకుని ప్రార్థన చేశారు, నీళ్ళు చల్లారు. ఆ తర్వాత హాల్లో నేల మీదే గుండ్రంగా కూర్చుని మాట్లాడుకున్నారు. చివరికి పెద్ద పిన్నమ్మ లేచి మా మేడంతో చెప్పింది: హాల్లోవి ఉంటాయి, కానీ శాలువాలో ఉన్న చెల్లెలు ఇంటికి వెళ్ళిపోతుంది. ఆమెను ఇక ఇక్కడ నిలబెట్టరు. మేడం ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఒక్క కోరిక మాత్రం కోరింది, శాలువాను పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు తనతో పాటు ఆ అన్న కూడా పట్టుకోవాలని. "తన తండ్రితో పాటు మా చెల్లికి పెట్టాడు. ఇక పరాయివాడు కాదు" అంది.

చూశారా? ఎయిర్‌పోర్టు నుంచి వాళ్ళకు చాకిరీ చేసింది నేను. తప్పు చేసిన మనిషి చుట్టమయ్యాడు. వాళ్ళకు నేను ఇంకా "మిస్" నే. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఆ శాలువాను మడుస్తుంటే, నేను ఒక పక్కన నిలబడి మేకులు ఏరుకున్నాను.

అప్పుడు మేడం నా దగ్గరకొచ్చింది. "రేపే ప్రారంభం. గది ఖాళీగా ఉంటే బాగోదు. నీ దగ్గర ఏదో దారాల పని ఉందన్నావు కదా? తెచ్చెయ్, తెచ్చెయ్."

సంతోషం వేసింది. అబద్ధం ఎందుకాడాలి? వెంటనే ఒళ్ళు జలదరించింది కూడా. ఒకామె ఖాళీ చేసి వెళ్ళిన చోటు. అయినా వద్దనలేదు. టాక్సీలో ఇంటికెళ్ళి, మంచం కిందనుంచి సూట్‌కేసు లాగాను. మా ఆయనకు ఫోన్ చేస్తే డ్యూటీలో ఉండి, "అదృష్టం అంటే నీదేనే!" అన్నారు. అదృష్టమో ఏమో, ఆయనకేం తెలుసు!

తెల్లారి దుప్పటి వేలాడదీసింది అన్నే. నిచ్చెన మీదనుంచి చాలాసేపు దిగకుండా అంచులు సరిచేశాడు. అన్నాళ్ళూ మేడం అని పిలిచినవాడు మొదటిసారి "చెల్లె, అమ్మది సరింగ వచ్చిందా సూడు" అన్నాడు. సరిగ్గానే వచ్చింది. ముడుచుకుపోయిన మూల కింద కుడివైపు పడింది. వెనక గోడ మీద పువ్వుల నీడలు. పక్కన అంటించే కాగితం మీద అమ్మ పేరు రాశాను. అమ్మ పేరు అచ్చులో చూడటం నాకు అదే మొదలు.

సాయంత్రం జనం రాకముందు మావోరీలంతా ఆ గది వైపు వచ్చారు. గడప బయట ఆగి నిలబడ్డారు. లోపలికి రారు, వెళ్ళిపోరు. నా గదిని వెలివేశారనుకున్నాను. మళ్ళీ ఒళ్ళు మండింది.

అన్న నా మోచేయి తట్టాడు. "పిలువు చెల్లె. ఇంటి ఆడమనిషి పిలవకుంటె వాళ్ళు లోపటికి రారట. నిన్న ఆ పెద్దమ్మ ఇంగ్లీషుల చెప్పింది."

ఏమని పిలవాలో తోచలేదు. మా అరుగు మీద సూది పట్టుకుని కూర్చున్న అమ్మ, వీధిలో వెళ్ళేవాళ్ళను పిలిచినట్టు పిలిచాను. "రండమ్మా, రండి. లోపలికి రండి." గొంతు అమ్మ గొంతులా పలికింది. వాళ్ళు ఒకరి వెనక ఒకరు, తలలు వంచుకుని వచ్చారు.

పెద్ద పిన్నమ్మ దుప్పటి ముందు నిలబడింది. "ఎవరీమె?" అంది. ఏమిటిది అనలేదు.

"మా అమ్మ" అన్నాను.

"వెంట ఎవరొచ్చారు?"

"నేనొక్కదాన్నే."

"ఈ పువ్వులు కూడా ఆమేనా?"

"కాదు. అతుకు మాత్రమే అమ్మది. పువ్వులు వేరే ఆడవాళ్ళు అల్లారు."

"వాళ్ళ పేర్లు?"

తెలీదన్నాను. వాళ్ళ శాలువా పక్కన వేసిన కాగితంలో పిన్నమ్మలందరి పేర్లూ ఉన్నాయి, నేనే అచ్చు వేయించాను. ఈవిడకెందుకు ఇవన్నీ అని చిరాకేసింది.

ఆవిడ వంగి కింది మూలకు వెళ్ళింది. ముట్టుకోవచ్చా అన్నట్టు నా వైపు చూసింది. తలూపాను. బిగిసిన అతుకు మీద వేలు పెట్టింది. అంత పెద్ద దుప్పటిలో సరిగ్గా అక్కడే. "ఇక్కడ ఏమైంది ఈమెకు?"

వాపసు వచ్చిన రోజు కంపెనీ మనిషి కూడా ఆ మూలే చూపించాడు. తప్పన్నాడు గానీ ఏమైందని అడగలేదు. నేనూ ఏనాడూ ఎవరికీ చెప్పలేదు.

"అప్పుడే మా నాన్న పోయారు. కంపెనీవాళ్ళు ఆగరని సమాధి మట్టి ఆరకముందే కూర్చుని అతికింది."

ఆవిడ ఆ మూలకు చెంప ఆనించింది. ఆనించి ఏడ్చింది. మనిషి పోయిన ఇంట్లో ఏడ్చినట్టు, రాగం తీసి, గట్టిగా. మిగతా పిన్నమ్మలూ అందుకున్నారు. వాళ్ళ దగ్గర అంతేనట. ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ ఇంటి చనిపోయినవాళ్ళ కోసం ఏడుస్తారు. అన్న భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

అమ్మ పోయినప్పుడు నేను ఇక్కడినుంచి వెళ్ళాను. శవపెట్టె, పాస్టరుగారు, వచ్చినవాళ్ళకు భోజనాలు, తిరుగు టిక్కెట్టు. అన్నీ చక్కగా చూసుకున్నానని అందరూ మెచ్చుకున్నారు. ఏడవడానికి తీరిక దొరకలేదు. తర్వాత ఎప్పుడైనా ఏడుద్దామనుకున్నాను.

ఇప్పుడు నేను కోరుకున్న గదిలో, కోరుకున్న గోడ మీద మా అమ్మ ఉంది. పెద్ద పిన్నమ్మ చెంప మీదనుంచి నీళ్ళు కారి లేసు తడుస్తోంది. గ్యాలరీ మనిషిగా నేను ఆపాలి. ఆపలేదు. కళ్ళు పొడిగా పెట్టుకుని నిలబడి, ఆమెను చూసి, ముందెప్పుడూ లేనంతగా కుళ్ళుకున్నాను. గది పోయినందుకు కూడా అంత కుళ్ళు రాలేదు. ఆ కన్నీళ్ళు నావి కావాల్సింది.